జేబు పిస్తోలు: కొత్తదా, పాతదా?

మా బావగారికి చీమకుర్తిలో గ్రానైటు వ్యాపారం. ఆయుధ లైసెన్సు చేతికి అందిన మర్నాడే ఒంగోలులో మా ఇంటికి వచ్చారు. కుర్చీలో కూర్చోకుండానే అడిగారు: "కాన్పూరుది కొత్తది కొనమంటావా? నెల్లూరులో ఒకాయన దగ్గర వాళ్ల నాన్నగారి నాటి బెల్జియం పిస్తోలు ఉందట, అది తీసుకోమంటావా?"

ఆ రోజు నేను సూటిగా జవాబు చెప్పలేకపోయాను. కారో ట్రాక్టరో అయితే మనందరికీ ఒక లెక్క ఉంది. పాతది చవక, కాస్త అరిగి ఉంటుంది. కొత్తది ఖరీదు, కొన్నాళ్లు నిశ్చింత. జేబు పిస్తోలు దగ్గర ఈ లెక్క తలకిందులవుతుంది. మన దేశంలో పాత విదేశీ పిస్తోలుకే కొత్త స్వదేశీ పిస్తోలు కంటే ధర ఎక్కువ. పైగా అది అరిగి ఉండటం అరుదు. లైసెన్సుదారుకు దొరికే తూటాలు పరిమితం, వాటిని కాల్చే సందర్భాలు ఇంకా తక్కువ. అందుకే మన చేతికి వచ్చే పాత పిస్తోళ్లలో చాలావాటిని చెడగొట్టింది వాడకం కాదు, ఏళ్ల తరబడి బీరువాలో పడి ఉండటం. కొత్తపట్నం నుంచి కావలి దాకా ఉప్పుగాలి వీచే మన తీరంలో అయితే మరీను. ఈ సంగతి మనసులో పెట్టుకుంటే పాతదాన్ని ఎక్కడ చూడాలో, అమ్మేవారిని ఏమి అడగాలో చాలావరకు తెలిసిపోతుంది.

బావగారి కోసం ఆ తర్వాత తిరిగిన తిరుగుడును, అంతకుముందు నేను సొంతంగా చేసిన పొరపాట్లను కలిపి వరసగా చెబుతాను.

మొదటి పని: లైసెన్సును అక్షరం అక్షరం చదవడం

తుపాకీ బేరం లైసెన్సుతో మొదలవుతుంది. 1959 నాటి ఆయుధ చట్టం, 2016 నాటి ఆయుధ నియమావళి దీనికి ఆధారం. జిల్లాలో లైసెన్సు ఇచ్చేది జిల్లా మేజిస్ట్రేటు హోదాలో కలెక్టరు. 21 ఏళ్లు నిండి ఉండాలి. ఏ-1 ఫారంలో దరఖాస్తు, పోలీసు విచారణ, ఆయుధ భద్రతలో శిక్షణ పొందినట్టు ధ్రువపత్రం, వైద్యుడి ధ్రువపత్రం, ఇంట్లో భద్రంగా దాచుకునే ఏర్పాటు ఉందన్న హామీ... ఇవన్నీ దాటాకే లైసెన్సు పుస్తకం చేతికి వస్తుంది. అది రాకముందు ఎవరికీ బయానా ఇవ్వకండి. "ముందు పిస్తోలు మీ దగ్గర ఉంచుకోండి, కాగితాలు తర్వాత చూసుకుందాం" అనేవాడి గడప మళ్లీ తొక్కకండి. లైసెన్సు లేకుండా తుపాకీ దగ్గర ఉంచుకుంటే కనీసం 2 ఏళ్లు, గరిష్ఠంగా 5 ఏళ్లు జైలు. 2019 సవరణతోనే శిక్ష ఇంతగా పెరిగింది. నాటు పిస్తోలు సంగతి ఇక్కడ మాట్లాడను. దాన్ని ఏ లైసెన్సూ సక్రమం చేయలేదు.

పుస్తకంలో మూడు సంగతులు చూడాలి. మొదటిది, మీకు ఇచ్చిన ఆయుధం రకమూ, బోరూ, అంటే అంగుళాల్లోనో మిల్లీమీటర్లలోనో చెప్పే గొట్టం లోపలి వెడల్పు. రెండోది, ఎన్ని తూటాలు ఉంచుకోవచ్చు, ఏ గడువులోగా ఆయుధం కొనాలి అన్నది. మూడోది, లైసెన్సు ఎంత మేర చెల్లుతుందన్నది. నెల్లూరు వాళ్లకు ఈ మూడోది ముఖ్యం. ఊరికి దగ్గరి పెద్ద నగరం చెన్నై. దుకాణాలు చూసి రావాలంటే కాళ్లు అటే లాగుతాయి. మీ లైసెన్సు మన రాష్ట్రానికే పరిమితమైతే, అక్కడ కొని రైలెక్కి ఇంటికి తెచ్చుకోవడం నేరమవుతుంది. ముందు కలెక్టరు కార్యాలయంలో అడిగి, కావలసిన అనుమతి తీసుకుని కదలండి.

మరో సంగతి. 2019 సవరణతో ఒక మనిషి ఉంచుకోగల తుపాకుల సంఖ్య 3 నుంచి 2కు తగ్గింది. తాతగారి డబుల్ బ్యారెల్ తుపాకీ ఇప్పటికే మీ లైసెన్సు మీద ఉంటే మిగిలింది ఒక్క ఖాళీయే. దాన్ని తొందరపడి నింపుకుంటే తర్వాత విడిపించుకోవడం కష్టం.

బోరు గురించి: తూటా దొరకని పిస్తోలు ఇనుప ముక్క

మన దగ్గర సామాన్యుడికి ఇచ్చే చేతి తుపాకీ అంటే దాదాపుగా పాయింట్ 32. సైన్యం, పోలీసులు వాడే 9 ఎంఎం, .38, .455 వంటివి నిషేధిత బోర్లు. "పాత లైసెన్సు మీద ఎప్పటి నుంచో ఉంది, ఏం కాదు" అని ఎవరైనా .38 రివాల్వరు చూపిస్తే చేయి కూడా వేయకండి. అది ఆయన లైసెన్సు మీద ఎలా ఉందో ఆయనకే తెలియాలి, మీ లైసెన్సు మీదికి మాత్రం రాదు.

.32లోనూ రెండు వేరు వేరు తూటాలు ఉన్నాయి. పిస్తోలులో పడేది జాన్ బ్రౌనింగ్ 1899లో రూపొందించిన పొట్టి తూటా, దాన్నే 7.65 ఎంఎం అంటారు. తూటాలు నింపే చక్రం తిరిగే రివాల్వరులో పడేది వెనక అంచు వెడల్పుగా ఉండే పొడవు తూటా. రెండింటినీ మనవాళ్లు "ముప్పై రెండు" అనే పిలుస్తారు. దుకాణంలో పెట్టె మీద ఏమి రాసి ఉందో చదివి తీసుకోండి. రెండూ పుణె దగ్గరి ఖడ్కీ కర్మాగారంలో తయారవుతాయి. తూటా అడుగున కేఎఫ్ అన్న అక్షరాలు దానివే.

.25 బోరు పిస్తోళ్లు చూడటానికి బొమ్మల్లా ఉంటాయి. బేబీ బ్రౌనింగ్ అరచేతిలో దాగిపోతుంది. జేబుకు అంతకంటే బాగా నప్పేది లేదు. అయినా వద్దంటాను. .25 తూటాలు మన దగ్గర దొరకడమే గగనం. దొరికినా అడిగినంత ఇవ్వాలి. తూటాలు లేవని సాధన మానేసి, ఉన్న నాలుగు తూటాలనే ఏళ్ల తరబడి దాచుకుని, అవి పేలతాయో లేదో తెలియని స్థితికి వచ్చినవాళ్లను చూశాను. ముద్దొచ్చింది కదా అని కొనవలసిన వస్తువు కాదిది.

కొత్తది కొనాలనుకుంటే

కొత్త చేతి తుపాకులు ఎక్కువగా వచ్చేది ప్రభుత్వ కర్మాగారాల నుంచే. వాటిని నడిపిన పాత ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీ బోర్డును 2021 అక్టోబరు 1న 7 కంపెనీలుగా విడదీశారు. చిన్న ఆయుధాలు చేసేది కాన్పూరు కేంద్రంగా ఉన్న ఏడబ్ల్యూఈఐఎల్ (అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా లిమిటెడ్). ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసే .32 పిస్తోలు పేరు అశని. కాన్పూరు .32 రివాల్వరు ఆరు తూటాలది, పాత వెబ్లీ రివాల్వరు పోలికలో ఉంటుంది. 2014లో వచ్చిన నిర్భీక్ కూడా .32 రివాల్వరే, బరువు అర కిలో, అప్పట్లో ధర దాదాపు 1.22 లక్షల రూపాయలు. 2023 ఆగస్టులో వచ్చిన ప్రబల్ బరువు 700 గ్రాములు. దీని చక్రం పక్కకు తెరుచుకుంటుంది, కాబట్టి తూటాలు నింపడం తేలిక. నిడర్ అనేది 250 గ్రాముల .22 రివాల్వరు. చేతికి బరువే తెలియదు, కానీ ఆత్మరక్షణకు .22 మీద ఆధారపడమని నేను ఎవరికీ చెప్పను. ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో వెబ్లీ అండ్ స్కాట్ పేరుతో ప్రైవేటు రంగంలోనూ .32 తయారవుతోంది.

జేబులో పెట్టుకునే వస్తువుగా చూస్తే రివాల్వరుకు ఆ చక్రం వల్ల పొట్ట ఉంటుంది; పిస్తోలు బల్లపరుపుగా ఉండి బయటికి కనిపించదు. అయితే ఏడాదికి రెండు సార్లు కూడా సాధన చేయలేని మనిషికి నేను రివాల్వరే చెబుతాను. నిండిందో లేదో చక్రం తెరిస్తే కనిపిస్తుంది. తూటా పేలకపోతే మళ్లీ ట్రిగ్గరు నొక్కితే చాలు. పిస్తోలులో అయితే స్లైడు, అంటే పైన ముందుకూ వెనక్కీ జారే ఉక్కు తొడుగు లాగాలి, ఇరుక్కున్నదాన్ని తీయాలి. ఆ పని భయంతో వణికే చేతులకు అంత తేలిక కాదు.

ధర లెక్కలో జీఎస్టీ మరవకండి. పిస్తోళ్లు, రివాల్వర్ల మీద పన్నును 2025 సెప్టెంబరు 22 నుంచి 28 శాతం నుంచి 40 శాతానికి పెంచారు. అంతకుముందు ఎవరో చెప్పిన పాత ధర పట్టుకుని దుకాణానికి వెళితే నోరు తెరవాల్సి వస్తుంది. వ్యాపారి కాని లైసెన్సుదారు తన సొంత పిస్తోలును అమ్మితే ఈ పన్ను ఉండదు. పాతదానికి ధర పరంగా ఉన్న సౌలభ్యం ఇదొక్కటే అనుకోండి.

పాతదానికి అంత మోజు ఎందుకంటే

సామాన్యులు విదేశాల నుంచి తుపాకులు తెప్పించుకునే దారి 1980ల నడుమ మూసుకుపోయింది. పేరున్న క్రీడాకారులు వంటి కొద్దిమందికే మినహాయింపు. కాబట్టి దేశంలో ఉన్న విదేశీ వాల్తర్, బ్రౌనింగ్, కోల్ట్, వెబ్లీ పిస్తోళ్లు దాదాపు అన్నీ అంతకుముందు వచ్చినవే. అవి పెరగవు, తరుగుతూ పోతాయి. ఒకటి చేతులు మారిన ప్రతిసారీ ధర పైకి పోతుంది. కొన్ని లక్షలు పలకడం మామూలు. ఆ ధరలో ఎంత భాగం ఉక్కు నాణ్యతకు, ఎంత భాగం పేరుకు అన్నది కొనేవారు తమను తాము అడగాలి.

నాణ్యత లేదని కాదు. 1931లో వచ్చిన వాల్తర్ పీపీకే స్లైడును ఒకసారి లాగి వదిలితే తెలుస్తుంది, ఎంత నునుపుగా జారుతుందో. కోల్ట్ 1903 నమూనా మూలలన్నీ గుండ్రంగా, జేబు చిరగకుండా చేసినట్టు ఉంటాయి. లండన్ పోలీసులు 1911లో తీసుకున్న వెబ్లీ అండ్ స్కాట్ .32 చూడటానికి మొరటు, పనితనంలో మాత్రం మొండిది. అయితే వీటికి విడిభాగాలు ఎక్కడ? స్ప్రింగు పోయినా, ఖాళీ పెంకును లాగే ఎక్స్‌ట్రాక్టరు కొక్కెం విరిగినా చేయించుకోవలసిందే. అదీ లైసెన్సు ఉన్న మరమ్మతుదారు దగ్గరే చేయించాలి. లేతు మిషను ఉన్న ప్రతి చోటికీ పట్టుకెళ్లే వస్తువు కాదు.

రంగనాయకులపేటలో ఒక మధ్యాహ్నం

నెల్లూరు ఆయన ఇంటికి మేమిద్దరం వెళ్లాం. పాత మిద్దె, లోపల చల్లగా ఉంది. ఆయన బీరువా తీసి, తోలు సంచిలో ఉన్న పిస్తోలును బల్ల మీద పెట్టారు. బెల్జియంలోని ఎఫ్ఎన్ కంపెనీ 1910 నమూనా. తండ్రి పోయాక వారసుడిగా తన లైసెన్సు మీదికి మార్చుకున్నారట. "మా నాన్నగారు ఒక్క తూటా కూడా కాల్చలేదండీ" అన్నారు. ఈ మాట దాదాపు ప్రతి అమ్మకంలోనూ వినబడుతుంది.

మీరు ఇలాంటి బల్ల ముందు కూర్చున్నప్పుడు చేయవలసినది ఇది. యజమాని ఎదురుగా, ఆయన చేతుల మీదుగానే చూడండి; చూడటానికని ఇంటికి తీసుకువెళ్లకండి. ముందు పిడిలో తూటాలుండే మ్యాగజైను బయటికి తీయించండి. తర్వాత స్లైడు వెనక్కి లాగించి, గొట్టం వెనక తూటా కూర్చునే గదిలో ఏమీ లేదని కంటితో చూడండి, చిటికెన వేలితో తడమండి. ఈ క్రమం తప్పకూడదు. స్లైడు ముందు లాగి మ్యాగజైను తర్వాత తీస్తే, తీసేలోపు ఇంకో తూటా గదిలోకి ఎక్కి కూర్చుంటుంది. ఇళ్లలో ప్రాణాలు పోయేది ఇలాగే. ఎఫ్ఎన్ 1910లో మ్యాగజైను లేకపోతే ట్రిగ్గరు పనిచేయకుండా ఒక ఏర్పాటు ఉంది. దాన్ని నమ్ముకుని గది చూడటం మానకండి.

ఇప్పుడు గొట్టం మీద ఏమి చెక్కి ఉందో చదవండి. ఈ నమూనాలో ఒక చిక్కు ఉంది. ఇది 7.65 ఎంఎంలోనూ, 9 ఎంఎం పొట్టి తూటాలోనూ వచ్చింది. రెండింటికీ చట్రం ఒకటే, గొట్టం మారిస్తే చాలు బోరు మారిపోతుంది. లైసెన్సులో .32 అని ఉండి, లోపల 9 ఎంఎం గొట్టం ఉంటే అది ఎవరు ఎప్పుడు మార్చారో మీరు రుజువు చేయలేరు. మాకు చూపినదాని మీద 7.65 అని స్పష్టంగా ఉంది. బెల్జియంలోని లియేజ్ తుపాకీ పరీక్షశాల ముద్రలూ చెరగకుండా ఉన్నాయి. నంబర్లు చూశాం, చాలా పాత పిస్తోళ్లలో చట్రం మీద, స్లైడు మీద, గొట్టం మీద కూడా నంబరు ఉంటుంది. మూడూ కలిస్తే మంచిది. ఒకటి వేరైతే ఆ భాగం వేరే పిస్తోలు నుంచి వచ్చిందన్నమాట. నంబరు చుట్టూ లోహం నునుపుగా పల్లమై ఉన్నా, అంకెలు ఒకే వరసలో లేకపోయినా అక్కడితో బేరం ముగించండి.

తరువాత సంచి నుంచి తీసిన పిస్తోలును కిటికీ దగ్గరికి తీసుకువెళ్లాం. తోలు తాకిన వైపంతా సన్నటి గోధుమ రంగు చుక్కలు. తోలు చెమ్మను పీల్చుకుంటుంది, తోలు శుద్ధి చేసేటప్పుడు వాడిన లవణాలు అందులో మిగిలి ఉంటాయి. ఉప్పుగాలి దానికి తోడైతే ఇక చెప్పేదేముంది. పైపైన చుక్కలైతే భయం లేదు, నూనె గుడ్డతో రుద్దితే చాలావరకు పోతాయి. పట్టీల కింద చూడాలి. పిడికి రెండు వైపులా ఉన్న పట్టీల మరలు విప్పించి చూడండి. చేతి చెమట అంతా అక్కడే చేరుతుంది. నల్లరంగు కొత్తగా తళతళలాడుతూ ఉంటే సంబరపడకండి. రంగు కింద గుంటలు పూడ్చి రుద్ది ఉండవచ్చు. పదునుగా ఉండవలసిన అంచులు, అక్షరాలు మెత్తబడి ఉంటే రంగు మళ్లీ వేశారని అర్థం.

ఇక గొట్టం. ఈ నమూనాలో మూతి దగ్గర గరుకైన ఉంగరం లాంటిది ఉంటుంది. దాన్ని నొక్కి తిప్పితే స్ప్రింగుతో సహా బయటికి వస్తుంది. స్ప్రింగు చివరికి గట్టిగా ఎగురుతుంది, కంటికి అడ్డం చేయి పెట్టుకోండి. గొట్టం వేరు చేశాక వెనక వైపు ఒక తెల్ల కాగితం ముక్క పెట్టి, మూతి వైపు నుంచి చూడండి. కాగితం మీది వెలుగు లోపల పరుచుకుంటుంది. మెలికలు తిరిగిన గాడులు అద్దంలా మెరవాలి, వాటి అంచులు పదునుగా కనిపించాలి. పాత కాలపు తూటాల మందులో తుప్పు పట్టించే లవణాలు మిగిలేవి. కాల్చిన రోజే కడగకపోతే లోపల మిరియాల పొడి చల్లినట్టు గుంటలు పడతాయి. కొద్దిపాటి గుంటలున్నా పిస్తోలు పనిచేస్తుంది, ధర మాత్రం తగ్గాలి.

మా బెల్జియం పిస్తోలులో గుంటలు దాదాపు లేవు. బావగారి ముఖం వెలిగింది. నేను గొట్టాన్ని నెమ్మదిగా తిప్పుతూ చూస్తుంటే, మూతికి రెండు వేళ్ల దూరంలో ఒక నల్లటి వలయం, నీడలా కనిపించింది. కాగితం తీసి మళ్లీ పెట్టి చూశాను. అక్కడే ఉంది. బయట బొటనవేలి గోరుతో గొట్టం మీద గీసుకుంటూ పోతే అదే చోట గోరు సన్నగా ఎక్కి దిగింది. గొట్టం ఉబ్బింది. అంటే ఎప్పుడో ఒక తూటా నడుమ ఇరుక్కుపోయింది, దాని వెనక ఇంకోటి కాల్చారు. ఒక్క తూటా కూడా కాల్చని నాన్నగారి పిస్తోలులో కనీసం రెండు పేలాయి. ఆయన అబద్ధం చెప్పారని నేను అనుకోను. ఆయనకు తెలియదు, అంతే. బేరం మాత్రం అక్కడ ముగిసింది. ఉబ్బిన గొట్టానికి మరమ్మతు లేదు, మార్చడమే. మార్చడానికి గొట్టం దొరకదు.

మీకు అలాంటి వలయం కనబడకపోతే చూడవలసినవి ఇంకొన్ని. స్లైడును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, గుండు పెంకు బయటికి వచ్చే కిటికీ మూలల్లో వెంట్రుకంత పగుళ్ల కోసం వెతకండి. ఈ చిన్న పిస్తోళ్లలో స్లైడును పేలుడు సమయంలో పట్టి ఉంచేది దాని బరువూ, స్ప్రింగూ మాత్రమే. స్ప్రింగు మెత్తబడితే స్లైడు వెనక్కి వచ్చి గట్టిగా కొట్టుకుంటుంది, ఆ దెబ్బలే పగుళ్లవుతాయి. మ్యాగజైను పై పెదవులు రెండూ సమానంగా వంగి ఉండాలి. .32 పిస్తోలు తూటా వెనక అంచు కాస్త బయటికి ఉంటుంది. పై తూటా అంచు కింది తూటా అంచు వెనకకు జారితే రెండూ ఒకదానికొకటి చిక్కుకుని కదలవు. పెదవులు వదులైన మ్యాగజైనులో ఈ బాధ ఎక్కువ. అసలు మ్యాగజైను ఒక్కటే ఉండి అదీ వంకరైతే, పిస్తోలు ఎంత బాగున్నా ఆలోచించండి.

సేఫ్టీ మీటను నొక్కి ట్రిగ్గరు లాగి చూడండి, కదలకూడదు. ఇక్కడ ఒక హెచ్చరిక. పాత జేబు పిస్తోళ్లలో చాలావాటికి, కింద పడినా ఫైరింగ్ పిన్ను ముందుకు దూకకుండా అడ్డుకునే ఏర్పాటు లేదు. అవి ఎంత ఘనమైన పేరున్నవైనా, గదిలో తూటా పెట్టి జేబులో వేసుకుని తిరగవలసినవి కావు.

రివాల్వరు అయితే పరీక్ష వేరు. ఖాళీ చేశాక గుర్రాన్ని, అంటే వెనకనుండే సుత్తిని, నెమ్మదిగా వెనక్కి లాగితే చక్రం ఒక గది తిరిగి, టక్కుమని ఆగాలి. ఆగాక వేళ్లతో కదిపితే ఊగిసలాడకూడదు. ఆరు గదులకూ చేసి చూడండి. ఒక గది దగ్గర ఆలస్యంగా ఆగితే ఆ గదిలోని తూటా గొట్టానికి ఎదురుగా నిలవదు.

కాగితాల పని, ఓపిక కావలసిన చోటు

వస్తువు నచ్చిందనుకుందాం. సొంత వాడకానికి ఉంచుకున్న తుపాకీని ఒక లైసెన్సుదారు మరో లైసెన్సుదారుకు అమ్మవచ్చు, చట్టంలో 5వ సెక్షన్ ఇందుకు వీలు కల్పిస్తుంది. అయితే అమ్మేవారు తాను ఎవరికి అమ్ముతున్నారో, వారి పేరు, చిరునామాతో జిల్లా మేజిస్ట్రేటుకు గానీ దగ్గరి పోలీసు స్టేషను అధికారికి గానీ ముందే రాతపూర్వకంగా తెలియజేయాలి. తెలియజేశాక కనీసం 45 రోజులు గడవాలి. ఆ 45 రోజులూ పిస్తోలు అమ్మేవారి దగ్గరే ఉండాలి, లేదా లైసెన్సున్న డీలరు దగ్గర ఉండాలి. ఆ తర్వాత మీ లైసెన్సులో నంబరు, తయారీ, బోరు ఎక్కించుకున్నాకే అది మీదవుతుంది.

అమ్మేవారు తెలియజేసిన కాగితం మీద అందినట్టు ముద్ర ఉన్న నకలు, వారి లైసెన్సులో ఆ పిస్తోలు వివరాలున్న పేజీ నకలు, అమ్మకపు కాగితం... ఈ మూడూ మీ దగ్గర పెట్టుకోండి. వారసత్వంగా వచ్చినదైతే ముందు వారసుడి పేరుకు మారిందో లేదో చూడండి. మనిషి పోగానే ఆ తుపాకీని స్టేషనులోనో డీలరు దగ్గరో అప్పగించాలి. అలా అప్పగించినవి కొన్ని ఏళ్ల తరబడి నూనె చుక్క లేకుండా పడి ఉంటాయి. కాగితాలు సక్రమంగా ఉండి లోహం తుప్పు పట్టిన పిస్తోళ్లకు ఇదొక పుట్టిల్లు.

నంబరు ఎక్కించేటప్పుడు పక్కనే నిలబడి సరిచూసుకోండి. నేను మొదటిసారి కొన్న పాత స్పానిష్ .32 నంబరులో ఒక 3ను 8గా రాశారు. నేను చూసుకోలేదు. ఎన్నికలొచ్చినప్పుడు లైసెన్సు ఆయుధాలు స్టేషనులో అప్పగించమన్నారు, తీసుకువెళితే "ఈ నంబరు మీ పుస్తకంలో లేదు" అన్నారు. నాలుగు నెలలు తిరిగాను. వ్యవసాయం, ఇల్లు వదిలి వాయిదాలకు తిరిగినట్టే అయింది.

కొత్తదైనా పెట్టె తెరిచి చూడండి

కొత్త పిస్తోలుకు కాగితాల బాధ తక్కువ. అంతమాత్రాన కళ్లు మూసుకుని తీసుకోకండి. నా మిత్రుడొకడు తెచ్చుకున్న కొత్తదానిలో రెండో మ్యాగజైను అసలు బిగుసుకునేదే కాదు. దుకాణంలో ఒక్కసారి పెట్టి చూసి ఉంటే అక్కడే మార్చేవారు. ఇంటికి తెచ్చాక మార్పించడానికి రెండు సార్లు ప్రయాణం, ప్రతిసారీ కాగితాలు. రెండు మ్యాగజైన్లూ పెట్టి తీసి చూడండి, లోపలి అంచులు వేలికి గీసుకునేంత పదునుగా ఉన్నాయేమో చూడండి. గొట్టంలో కాగితం పరీక్ష దీనికీ చేయండి. మొదటి 40, 50 తూటాలు అనుమతి ఉన్న ఫైరింగు రేంజిలో కాల్చాకే ఆ పిస్తోలు మీద నమ్మకం పెట్టుకోండి. కొత్త స్ప్రింగు బిగువుగా ఉండి మొదట్లో తూటా ఎక్కడానికి మొరాయించవచ్చు. 50 తర్వాత కూడా మొరాయిస్తే లోపమే, వెనక్కి పంపండి.

జేబు, చెమట, బీరువా

మే నెలలో మన ఎండకు జేబులో పెట్టిన రూపాయి నాణెం కూడా తడిసిపోతుంది. ఇక పిస్తోలు సంగతి వేరే చెప్పాలా. విడిగా జేబులో వేసుకోకండి. ట్రిగ్గరును పూర్తిగా కప్పే జేబు ఒర ఉండాలి. ఆ జేబులో తాళం చెవులు, చిల్లర ఉండకూడదు. పంచె బొడ్డులో దోపుకునే అలవాటు పెద్దవాళ్లలో ఇంకా చూస్తుంటాను. పంచె జారితే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇంటికి రాగానే ఖాళీ చేసి, చెమట తుడిచి, సన్నటి నూనె పూత పెట్టండి. తోలు ఒరలో ఉంచి దాచకండి. ఇనుప పెట్టెలో, చెమ్మ పీల్చే సిలికా పొట్లంతో పాటు ఉంచండి. పొట్లాన్ని వానాకాలం ముందు, మళ్లీ అక్టోబరు వానలకు ముందు మార్చండి. తూటాలు వేరే తాళం కింద. దొంగల భయంతో బియ్యం డబ్బాలో దాచినవారు నాకు తెలుసు. నెల్లూరు మొలగొలుకులు అన్నానికి ఎంత గొప్పవైనా, వాటి తవుడు పిస్తోలు లోపలికి చేరితే చెమ్మతో కలిసి ముద్ద కడుతుంది. అన్నిటికంటే ముఖ్యం, ఆ డబ్బా తెరిచేది ఇంట్లో పిల్లలు కూడా. పెళ్లి ఊరేగింపులో గాలిలోకి కాల్చమని ఎవరైనా సరదా పడితే, 2 ఏళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ అని చెప్పండి.

బావగారు చివరికి కొత్త .32 రివాల్వరు తీసుకున్నారు. బెల్జియం పిస్తోలు మీద మనసు ఇంకా పోలేదు, అది వేరే సంగతి. కావలిలో ఒక రిటైర్డు డాక్టరుగారి దగ్గర వెబ్లీ .32 ఉందని తెలిసి ఈ మధ్య మళ్లీ ఫోను చేశారు. నంబర్లు కలిసి, గొట్టం మెరుస్తూ, రెండు మ్యాగజైన్లు ఉంటే దానికి నేనే సరే అంటాను. రెండో ఖాళీ ఆయనకు ఇంకా ఉంది కదా.

నెల్లూరు ఆయన కూడా ఫోను చేశారు. పిస్తోలు ఇక అమ్మరట, నాన్నగారి గుర్తుగా ఉంచుకుంటారట. ఏ నూనె మంచిదని అడిగారు. నూనె పేరు తర్వాత చెబుతాను, ముందు దాన్ని ఆ తోలు సంచి నుంచి బయటికి తీయండి, ఆ గొట్టంతో మాత్రం ఎవరూ కాల్చకుండా చూడండి అన్నాను.